అతుకు దగ్గర తెగిన అక్షరం

1984. వర్జీనియాలోని షాంటిలీ.

"ఫ్రాంక్‌ఫర్ట్ ఫ్లైట్ ఐదింటికి. మాస్కోలో మన మనిషి పేరు మైక్రోఫిల్మ్ మీద ఉంది. అది దేశం దాటిందా, సోమవారానికి అతన్ని కాల్చేస్తారు," అన్నాడు అమెరికా గూఢచారి విభాగం చీఫ్ దామోదర్.

"ఎందులో పోతోంది సార్?"

"ఒక రష్యన్ ఆర్టిస్ట్ చేత్తో చేసిన పుస్తకంలో. రొట్టె క్యూలు, వంటిళ్లు, అలాంటి మామూలు సోవియట్ ఫొటోలు అతికించి, చుట్టూ చేతిరాత. ఒకటే కాపీ. ఒక్క ఫొటో ఊడదీయడానికే పైవాళ్లు ఒప్పుకున్నారు. గురి తప్పితే అంతే."

ఏజెంట్ సుందర్ రాజ్ ఇన్సూరెన్స్ వాల్యూయర్ వేషంలో ఎయిర్‌పోర్ట్ గోడౌన్‌కి చేరేసరికి నాలుగున్నర. ఆ పుస్తకం పంపుతున్న గ్యాలరీ తరఫున ఎర్రకోటులో రాధారాణి నిలబడి ఉంది. కోడ్‌వర్డ్ తడుముకోకుండా చెప్పింది. ఆమె రెండు వైపులా పనిచేస్తోందని అతనికి తెలుసు. అతనికి తెలుసని ఆమెకూ తెలుసు.

"ఆ సూట్ చూస్తే ఇన్సూరెన్స్ మీకే కావాలి, రాజ్ గారూ."

"పేజీలు తిప్పండి మేడమ్."

నలభై పేజీలు. అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే ప్రతి ఫొటో అంచున జిగురు ఒకేలా వెలిగింది, తేడా తెలియలేదు.

"పదకొండో పేజీ మూల కాస్త లేచినట్టుంది, చూశారా?" అంది తియ్యగా.

అమ్మేవాడు ముందుకు తోసిన సరుకు కొనకూడదు. చీరాల బట్టల కొట్లో పెరిగిన సుందర్ రాజ్‌కి ఇంకో సంగతీ తెలుసు. రెండు ముక్కలు కలిపిన చోట గీత గీతతో కలిసిందో లేదో చూడాలి. ఈ ఆర్టిస్ట్ ముందు ఫొటో అతికించి, తర్వాత రాశాడు. కాగితం మీద మొదలైన వాక్యం ఫొటో మీదుగా సాగి అవతలికి దిగుతుంది.

ఇరవై తొమ్మిదో పేజీ. బంగాళాదుంపల తొక్క తీస్తున్న ముసలావిడ. అంచు దగ్గర ఒక అక్షరం తెగింది. దాని తోక వెంట్రుకవాసి కిందికి జారింది. ఫొటో ఊడదీసి మళ్లీ అతికించారు!

"అది ముట్టుకోకు!"

రాధారాణి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికి వచ్చింది. సుందర్ రాజ్ టార్చ్‌తో ఆమె మణికట్టు మీద కొట్టాడు. పిస్టల్ నేల మీద పడింది. బూటుతో దాన్ని అవతలికి తన్ని, బ్లేడుతో ఫొటో లేపాడు. కింద గోరంత నల్లటి ఫిల్మ్.

గార్డులు పరుగున వచ్చి ఆమెకు బేడీలు వేశారు.

"ఒక్క పేరు కోసం ఇంత గొడవా?" అంది కసిగా.

"ఆ పేరుగల మనిషిని అడగండి మేడమ్."

నాలుగూ యాభై ఎనిమిదికి అతను దామోదర్‌కి ఫోన్ చేశాడు. "ఫిల్మ్ దొరికింది సార్. మన మనిషి సేఫ్."

దామోదర్ గట్టిగా ఊపిరి వదిలాడు. "అవునూ, పుస్తకం ఎలా ఉందయ్యా?"

"ఆ ముసలావిడ తొక్క మరీ మందంగా తీస్తోంది సార్. అంత వేస్టైతే ఆ దేశం ఎక్కువకాలం నిలవదు."