శారోన్ చేతి కొలత

కొత్తపేటలో దేవదానం గారి చెక్కపని షెడ్డులో పనికి చేరిన రోజే ఎబినేజర్ చేసిన మొదటి ఘనకార్యం, శారోన్ దాచుకున్న ప్లైవుడ్ షీటుని అడ్డంగా కోసెయ్యడం.

అది మామూలు షీటు కాదు. వానాకాలం చెమ్మకి ఉబ్బకుండా కింద ఇటుకలు పేర్చి, మీద పాత దుప్పటి కప్పి, చంటిపిల్లని సాకినట్టు ఆమె సాకుతున్న షీటు. దాంతో తన గదికి పుస్తకాల అలమర చేయించుకుందామనుకుంది. మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి దుప్పటి ఒక మూల, షీటు రెండు మూలల్లో ఉన్నాయి. మధ్యలో ఒక కుర్రాడు చెవి మీద పెన్సిల్ పెట్టుకుని, ఊరికేదో మేలు చేసినవాడిలా నవ్వుతూ నిలబడ్డాడు.

ఎవరిని అడిగి కోసేరని శారోన్ అడిగింది. మూలన పడుంటే చెత్తనుకున్నానండి అన్నాడు. దుప్పటి కప్పిన చెత్తని ఎక్కడైనా చూసేరా అంది. దోహాలో చూసేనండి అన్నాడతను, ఎంతో నిజాయితీగా.

"ఇంతకీ దాంతో ఏం చేస్తున్నారు?"

"స్లెడ్ అండి."

"స్లెడ్ అంటే మంచు మీద జారేది కదండీ. కొత్తపేటలో మంచెప్పుడు పడింది? నాకెవరూ చెప్పలేదే."

రంపం మిషను బల్ల మీద జారే పలకనే స్లెడ్ అంటారని, చెక్కని చేత్తో కాకుండా దాని మీద పెట్టి తోస్తే కోత వంకర పోదని, వేళ్లు రంపానికి దూరంగా ఉంటాయని అతను వివరంగా చెప్పేడు. వినడానికి శారోన్ అక్కడ లేదు. డాడీకి చెప్పడానికి వెళ్లిపోయింది.

డాడీ అంటే దేవదానం గారే. చుట్టుపక్కల చర్చీల్లో బెంచీలూ తలుపులూ చాలావరకు ఆయన చేసినవే. ఆయన కుడిచేతి చూపుడువేలు మాత్రం సగమే ఉంది. మిగతా సగం శారోన్ చిన్నప్పుడే రంపం మిషను తీసుకుంది. అందుకే ఆయన ఎవరినైనా వేలు చూపించి తిడితే, ఆ వేలు మనిషి దాకా వచ్చేది కాదు, తిట్టూ అంతే. ఒక్క విషయంలోనే ఆయన మాటకి తిరుగులేదు. కూతురు మిషను ముట్టుకోకూడదు. రాజమండ్రిలో ఇంటీరియర్ డిజైన్ చదివొచ్చింది కాబట్టి డిజైన్లు గియ్యొచ్చు, కస్టమర్లతో మాట్లాడొచ్చు, పాలిష్ పెట్టొచ్చు. స్విచ్చి దగ్గరికి మాత్రం పోకూడదు.

షీటు సంగతి విని ఆయన పోనీలే అమ్మాయ్, ఇంకోటి తెద్దాం అన్నారు. వాళ్ల చర్చికే కొత్త భవనం కట్టేరు, బెంచీలన్నీ క్రిస్మస్ లోపు ఈ షెడ్డు నుంచే వెళ్లాలి. దోహాలో పెద్ద చెక్కపని కంపెనీ నుంచి సెలవు మీద సొంతూరు రాజోలు వచ్చిన కుర్రాడు సరిగ్గా ఇప్పుడే దొరకడం దేవుడి దయని ఆయన నమ్మకం.

ఆ దేవుడి దయ ఎంతకాలమైనా ఒక్క బెంచీ కూడా చెయ్యలేదు.

ముందు స్లెడ్ పూర్తి చేసేడు. తర్వాత కాళ్లకి కన్నాలన్నీ ఒకే చోట పడేలా డ్రిల్లుకి దారి చూపించే దిమ్మ చేసేడు. వీపు ఆనించుకునే వంపు గియ్యడానికి అచ్చు చేసేడు. జిగురు ఆరేదాకా మూలలు కదలకుండా పట్టుకునే చట్రం చేసేడు. అన్నిటినీ కలిపి జిగ్గులు అనేవాడు, గోడకి మేకులు కొట్టి తగిలించేవాడు. శారోన్ తల్లి మరియమ్మ గారు టీ పట్టుకొచ్చినప్పుడల్లా ఆ గోడ చూసి, ఇందులో కూర్చోడానికి పనికొచ్చేది ఒక్కటీ లేదే అని నిట్టూర్చేవారు.

శారోన్‌కి మాత్రం పండగ్గా ఉంది. వచ్చిన ప్రతి కస్టమరుకీ మ్యూజియం చూపించినట్టు ఆ గోడ చూపించేది. ఈయన బెంచీ గారి తాతగారు, ఈవిడ మేనత్త, బెంచీ ఇంకా పుట్టలేదండీ అనేది. ఎబినేజర్ అన్నీ విని ఆయ్ అనేవాడు. తిరిగి ఒక్క మాటా అనేవాడు కాదు. ఆమెకి ఇంకా మంట అదే.

ఒకరోజు పొద్దున్న బెంచీలు పుట్టడం మొదలైంది. మొదలయ్యేక ఆగలేదు. కాళ్లు కాళ్లుగా, పలకలు పలకలుగా, కవలపిల్లల్లా వచ్చి పడుతున్నాయి. తప్పు పట్టుకోవాలనే ఉద్దేశంతోనే శారోన్ రెండు కాళ్లు తీసి ఒకదాని మీద ఒకటి ఆనించి, కన్నాలు కలిసేయో లేదోనని వాటిలోంచి చూసింది. అవతల వాన కనిపించింది. కాళ్లు మార్చింది. మళ్లీ వానే. ఇంకో జత తీసి చూసింది. ఈసారి అవతల ఒక కన్ను కనిపించింది.

"సరిపోయేయాండీ?" అని అడిగింది ఆ కన్ను.

"పర్లేదు" అంది శారోన్. అన్నదే గానీ కన్నంలోంచి చూడ్డం వెంటనే మానలేదు.

ఆ తర్వాత షీటు సంగతి ఎవరూ ఎత్తలేదు. వానలకి కరెంటు ఊరికే పోతుండేది. కరెంటు పోతే మిషను ఆగేది, మిషను ఆగితే మాటలు మొదలయ్యేవి. అలాంటి ఒక మధ్యాహ్నం, రంపం నేర్పించమని శారోన్ అడిగింది. నేర్పిస్తే దేవదానం గారు తనని రాజోలు దాకా తరుముతారని ఎబినేజర్ చెప్పేడు.

"వేళ్లు పోకూడదనే కదా మీరు ఇవన్నీ చేసేది? నావి వేళ్లు కావా?"

అతను లేచి వెళ్లేడు. ఒక ప్లైవుడ్ ముక్క తెచ్చి ఆమె ముందు పెట్టి, చెయ్యి ఆనించమన్నాడు. చెవి మీది పెన్సిల్ తీసి ఆమె చేతి చుట్టూ గీత గియ్యడం మొదలుపెట్టేడు. బొటనవేలు దగ్గర బయల్దేరిన పెన్సిల్ చిటికెనవేలు దాకా వచ్చేసరికి రేకుల మీద వాన జోరు పెరిగింది. ఇంత నెమ్మదెందుకని శారోన్ అడగలేదు. నోటి దాకా వచ్చిన మాటని ఆమె మింగెయ్యడం అదే మొదటిసారి. మణికట్టు దగ్గర పెన్సిల్ ములుకు విరిగింది. కరెంటు ఇంకా రాలేదు. రావాలని ఇద్దరిలో ఎవరికీ లేదు.

ఆ కొలతతో అతను ఇంకో చిన్న స్లెడ్ చేసేడు. రంపానికి బాగా దూరంగా రెండు పిడులు, మీద అద్దంలాంటి ప్లాస్టిక్ మూత. దేవదానం గారు కర్ర కొనడానికి వెళ్లినప్పుడల్లా శారోన్ దాని మీద కొయ్యడం నేర్చుకుంది.

ఇంతలో ఏంజెల్ వచ్చింది. ఏంజెల్ శారోన్ మేనమామ కూతురు. వాళ్ల అన్నయ్య దోహాలో ఎబినేజర్ కంపెనీలోనే చేస్తాడు. ఎబినేజర్ సెలవు అయిపోవస్తోందని, కంపెనీ వాళ్లు టికెట్టు పంపిస్తున్నారని, తను వెళ్లిపోయినా పని ఆగకూడదనే ఇక్కడ జిగ్గులు చేస్తున్నానని అన్నయ్యతో చెప్పేడని చల్లగా చెప్పి, టీ తాగి వెళ్లింది.

శారోన్ నేరుగా అతన్నే అడిగింది.

"ఇవన్నీ మీరు లేకపోయినా పని జరగడానికేనా?"

"ఆయ్. జిగ్గంటేనే అదండీ" అన్నాడు ఎబినేజర్, పాఠం ఇన్నాళ్లకి అర్థమైందని సంతోషపడుతూ.

ఆమె తలూపి వెళ్లిపోయింది. ఆ తర్వాత మాట్లాడలేదు. కస్టమర్లకి గోడ చూపించడం కూడా మానేసింది. కూతురు ఎవర్నీ ఏడిపించకపోవడం చూసి మరియమ్మ గారు జ్వరమనుకుని బిళ్ల వేసేరు. చేసిన తప్పేంటో ఎబినేజర్‌కి ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఒకరోజు రావులపాలెం బయల్దేరిన దేవదానం గారు, బస్సు దొరక్క దారిలోంచే తిరిగొచ్చేసేరు. షెడ్డులో మిషను తిరుగుతోంది. గుమ్మంలోకి రాగానే కనిపించింది, రంపం ముందు కూతురు.

ఆయన అరవలేదు. ఒక్క అడుగు కూడా ముందుకి వెయ్యలేదు. రంపం దగ్గరున్న మనిషిని ఉలిక్కిపడేలా చేస్తే ఏమవుతుందో ఆయన చేతికి తెలుసు. పెరట్లోంచి చెక్కలు మోసుకొస్తున్న ఎబినేజర్ కూడా ఆయన పక్కన అలాగే ఆగిపోయేడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా శారోన్ కోత పూర్తి చేసి, స్విచ్చి కట్టేసి, రంపం పూర్తిగా ఆగేదాకా ఉండి వెనక్కి తిరిగింది.

అప్పుడు లేచింది సగం వేలు.

ఎవరు నేర్పించేరని అడిగేరు. నాకు నేనే అంది శారోన్. నేనేనండి అన్నాడు ఎబినేజర్. నేరం నాదంటే నాదని ఇద్దరూ కాసేపు దెబ్బలాడుకున్నారు. వాళ్లని అలా వదిలేసి ఆయన ఆ చిన్న స్లెడ్ దగ్గరికెళ్లి పిడుల మీద చేతులు వేసేరు. పట్టలేదు. తిప్పి పట్టుకున్నారు. అప్పుడూ పట్టలేదు. కూతురి చేతుల వంక చూసేరు, తర్వాత ఎబినేజర్ వంక చూసేరు.

"ఇది షెడ్డు కోసం చేసింది కాదు. ఎవరి చేతికి చేసేవయ్యా?"

"శారోన్ గారి చేతికండి" అన్నాడు ఎబినేజర్. మోసుకొచ్చిన చెక్కలు కింద పెట్టేడు. "మిగతావన్నీ నేను వెళ్లిపోయినా పని ఆగకూడదని చేసేనండి. ఇది చేసేక వెళ్లబుద్ధి కాలేదు. ఇక రానని దోహాకి మొన్నే ఫోన్ చేసి చెప్పేసేనండి."

"నాకు చెప్పలేదేం?" అంది శారోన్.

"మీరు మాట్లాడ్డం లేదు కదండీ."

"నేను మాట్లాడకపోతే మీరు మాట్లాడకూడదా?"

కళ్లలో రంపంపొట్టు పడిందని చెప్పి అటు తిరిగింది. మిషను ఆగి చాలాసేపైందని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

దేవదానం గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. సగం వేలు చూపించి కూతురితో అన్నారు.

"నువ్వు ఈ వేలు పట్టుకునే నడక నేర్చేవు. ఇది పోయిన రోజు ఏం పట్టుకోవాలో తెలీక నా చొక్కా పట్టుకుని ఏడ్చేవు. నాకు మిషనంటే భయం లేదమ్మా. నీ వేళ్లు చూస్తేనే భయం." తర్వాత ఎబినేజర్ వైపు తిరిగేరు. "ఆదివారం మీ అమ్మగారినీ నాన్నగారినీ భోజనానికి రమ్మను."

బెంచీలు క్రిస్మస్‌కి ముందే చర్చికి చేరేయి. వాటి మీద జనం కూర్చున్న మొదటి ఆదివారమే శారోన్, ఎబినేజర్‌ల వివాహ ప్రకటన చదివేరు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పవచ్చునని పాస్టరు గారు అన్నారో లేదో, వెనక వరసలోంచి దేవదానం గారు లేచి నిలబడ్డారు.

చర్చి అంతా వెనక్కి తిరిగింది. మరియమ్మ గారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

"ఈ బెంచీ ఊగుతోందండి" అన్నారాయన. "అందరి ముందూ చెప్పాలని లేచేను. తప్పు బెంచీది కాదు, మీ మేస్త్రీ వేసిన నేలది."

పాస్టరు గారితో సహా అందరూ నవ్వేరు. ఎబినేజర్ నుదుటి చెమట తుడుచుకుని ఆడవాళ్ల వైపు చూసేడు. భయపడ్డారా అని శారోన్ పెదాలతోనే అడిగింది. అతను ఆయ్ అని తలూపేడు. ఆమె పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. పాట మొదలై చరణం దాటేక, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావే అని ఏంజెల్ మోచేత్తో పొడిచి చెప్పాల్సొచ్చింది.