రేగడి మీద పరిచిన గడ్డి

ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు పక్క వీధిలో రామనారాయణ, మురళీకృష్ణ అన్నదమ్ముల ఇళ్ళు ఒకే ప్రహరీకి అటూ ఇటూ ఉంటాయి. ఆ రోజు పొద్దున రామనారాయణ భార్య, పెద్దకోడలు వసంతకుమారి కాఫీ కలుపుకుని వరండాలోకి వచ్చేసరికి అత్తగారు ఓబులమ్మ లేదు. ఎక్కడికి వెళ్ళిందో వెతకక్కర్లేదు. గోడ అవతల, తోడికోడలు రాధిక ఇంటి ముందు, పచ్చటి ప్లాస్టిక్ గడ్డి మీద చెప్పులు లేకుండా నడుస్తోంది. రాధిక చెయ్యి పట్టుకుని ఏదో చెబుతుంటే ముసలామె పకపకా నవ్వుతోంది. చూస్తూ నిలబడిన వసంత చేతిలో కాఫీ చల్లారిపోయింది.

మామగారు పోయినప్పటి నుంచి పద్నాలుగేళ్ళుగా ఓబులమ్మ వసంత దగ్గరే ఉంది. బీపీ మాత్రలు, మోకాళ్ళకు నూనె, మెత్తగా ఉడికిన అన్నం, అన్నీ వసంతే చూసింది. బంధువుల్లో ఆమెకున్న పేరంతా ఆ సేవ వల్ల వచ్చిందే. అలాంటిది, రెండు నెలల క్రితం రాధిక ఆ గడ్డి వేయించాక అత్తగారికి అవతలే తెల్లవారుతోంది. పైగా కలువాయిలో ఉండే చెల్లెలు మాలకొండమ్మతో ఫోన్లో, "మా చిన్నకోడలు గడ్డి పరిపించినాదిలే, కాళ్ళకు హాయిగా ఉండాది" అని మురిసిపోతూ చెప్పడం వసంత చెవిన పడింది. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

శుక్రవారం మాలకొండమ్మ వస్తోందని తెలియగానే, రాధిక ఇంట్లో గడ్డి వేసిన పెంచలప్రసాద్‌నే వసంత పిలిపించింది. అతను గునపంతో రెండు చోట్ల పొడిచి, మట్టిని వేళ్ళతో నలిపి చూశాడు. ఇది బంక రేగడి, నీళ్ళు ఇంకవు అన్నాడు. అర అడుగు మట్టి తీసేసి కంకర పోసి గట్టిగా దిమ్మిస కొట్టాలి, వీధి వైపు వాలు ఇచ్చి కింద పైపు పెట్టాలి, అక్కడ కూడా అలాగే చేశాను, వారం పట్టింది అని వివరించాడు.

"వారం ఆగేదానికి లేదు. గురువారానికి అయిపోవాల," అంది వసంత. "పైపైన సదును చేసి పరిచెయ్."

"వాన పడితే నీళ్ళు కిందే నిలబడతాయమ్మా."

"అది నేను చూసుకుంటా. నువ్వు చెప్పిన పని చెయ్."

రామనారాయణ ఆ వారమంతా పొలం పనుల మీద వరికుంటపాడులో ఉండిపోయాడు. ఇంట్లో అడ్డు చెప్పేవాళ్ళు లేరు. గురువారం సాయంత్రానికి గడ్డి పరుచుకుంది. మర్నాడు మాలకొండమ్మ వచ్చి, రాధిక వాళ్ళదానికన్నా ఇదే ఒత్తుగా ఉందని మెచ్చుకుంది. ఓబులమ్మ నడక ఇవతలికి మారింది. గోడ మీదుగా చూస్తే, రాధిక ఒక్కతే తన గడ్డి మీద నిలబడి ఇటు తొంగిచూస్తూ కనిపించేది. అలా కనిపించిన ప్రతిసారీ వసంతకు కడుపు చల్లగా ఉండేది.

ఆ సంబరం పదిహేను రోజులే. నవంబరు ముసురు మూడు రోజులు వదలకుండా పట్టింది. నాలుగో రోజు వాన తెరిపిచ్చాక చూస్తే గడ్డి అక్కడక్కడా బొబ్బల్లా ఉబ్బి, కింద నుంచి కుళ్ళు వాసన వస్తోంది. వసంత వంటింట్లో ఉండగానే ఓబులమ్మ అలవాటుగా దాని మీద అడుగు పెట్టింది. కింది బురద జారింది. ఆమె వేసిన కేక విని వసంత పరుగెత్తుకొచ్చేసరికి ముసలామె కుడిచెయ్యి ఒంటి కింద పడి నలిగిపోయి ఉంది. మణికట్టు ఎముక విరిగింది.

కట్టు కట్టించుకుని ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. రామనారాయణ పెంచలప్రసాద్‌ను పిలిపించి, మట్టి చూసుకోకుండా ఎలా పరిచావని అందరి ముందూ నిలదీశాడు. ప్రసాద్ ఒక్కసారి వసంత వైపు చూసి తల దించుకున్నాడు. తప్పయిపోయింది సార్ అన్నాడు, అంతే.

ఆ చూపు వసంతకు భరించరానిదైంది. అత్తను చూడ్డానికి వచ్చి నిలబడిన రాధిక మీదికి గిరుక్కున తిరిగింది. వాళ్ళ వాకిలి ఎత్తు చేసుకుని నీళ్ళన్నీ తమ మీదికి తోలారంది.

"మా నీళ్ళు పైపులో వీధి కాలవకు పోతాయక్కా. బావను చూడమను," అంది రాధిక.

"అసలు నీ గడ్డి లేకపోతే ఇదంతా లేదు. అత్తను లాక్కోవాలని వేయించినావు. నాకు తెలవదా?"

రాధిక కాదంటుందనుకున్నారు అందరూ.

"అత్త కోసమే వేయించినానక్కా. పద్నాలుగేళ్ళలో ఒక్క పూట నా ఇంట్లో అన్నం తినలేదు. నేనేం చేసి తెచ్చినా, అత్తకు పడదని వాకిట్లోనే తిప్పి పంపినావు. నాకు మాత్రం కోడలిననిపించుకోవాలని ఉండదా?"

తిప్పి పంపిన గిన్నెలన్నీ వసంతకు గుర్తొచ్చాయి. అందులో ఒక్కటీ అత్తగారికి పడనిది కాదు. తనను ఆ రెండు నెలలు కాల్చింది ఏదో, దాన్ని ఈ పిల్ల పద్నాలుగేళ్ళు మోసింది. ప్రసాద్ ఇంకా తల దించుకునే ఉన్నాడు.

"ఆయన్ను అనబాకండి," అంది భర్తతో. "తవ్వాల, కంకర పోయాల అని ఆయన చెప్పినాడు. నేనే వద్దన్నాను. అత్త చెయ్యి విరగ్గొట్టింది నేనే."

మంచం మీది నుంచి ఓబులమ్మ పిలిచింది. "ఇట్ట రాండే ఇద్దరూ. వసంతా, నా పనులన్నీ నువ్వు చేస్తావు. అది నా పక్కన కూర్చుని మాట్లాడతాది. నాకు రెండూ కావాల. గడ్డి ఎవురికి కావాల?"

మర్నాడే ప్రసాద్ మనుషులు గడ్డి చుట్టేసి, ఈసారి కంకర పోసి పైపు పెట్టడానికి గునపాలు వేశారు. వాకిలంతా గుంతలు. ఈ పని అయి, చెయ్యి అతికేదాకా అత్త మీ ఇంట్లో ఉంటుందని వసంతే రాధికతో చెప్పింది. మాత్రలు, చీరలు తనే మోసుకెళ్ళి, ఏది ఎప్పుడు వెయ్యాలో వివరంగా చెప్పింది.

ఆ మధ్యాహ్నం రాధిక పప్పన్నం కలిపి మొదటి ముద్ద పెట్టింది. ఓబులమ్మ నోరు తెరిచి తింది. గడపలో నిలబడి చూస్తున్న వసంత గుండెలో పాత మంట మళ్ళీ రగిలింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇంటికి వెళ్ళిపోదామని వెనక్కి తిరిగింది కూడా. మళ్ళీ ఏమనుకుందో, లోపలికి వచ్చి అత్తగారి పక్కనే చాప మీద కూర్చుంది.

"ముద్ద ఇంకొంచెం చిన్నది చెయ్యి, రాధికా," అంది. "అత్తా, నిన్న ఫోన్లో మాలకొండమ్మ పిన్ని ఏమంటా ఉన్నింది?"