ఇమాం బాషా కారులో వెనక సీటు

వేంపల్లెలో ఆ వీధివాళ్లకు తెల్లవారిందని చెప్పేది కోడి కాదు, గౌస్ పీర్ దూదేకే విల్లు. ఆ రోజు కూడా ఆయన పొద్దు పొడవకముందే వసారాలో కూర్చుని విల్లు మోగిస్తున్నాడు. తెల్లటి దూది ఎగిరి ఆయన గడ్డం మీద, కనుబొమ్మల మీద వాలుతోంది. ఆయన భార్య పీరమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టెలు తడుతోంది. వాకిట్లో కొడుకు ఇమాం బాషా తడిగుడ్డతో కారు తుడుస్తున్నాడు.

కారంటే చుట్టుపక్కల పల్లెల జనం ఇంకా ఆగి చూసే రోజులవి. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలు కాలేదు. ఇమాం బాషా కడపలో ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నేళ్లు డ్రైవరుగా చేశాడు. ఆయన కొత్త కారు తెచ్చుకున్నప్పుడు పాతది ఇతని చేతికి వచ్చింది. అప్పటినుంచి వేంపల్లె, కడప మధ్య బాడుగలకు తిప్పుతున్నాడు. ఆ కారంటే అతనికి ప్రాణం.

"ఇమామూ, ఎద్దుల బండి మాట్లాడినావా నాయనా?" లోపలినుంచి పీరమ్మ అడిగింది.

"బండెందుకు మా? ఇంట్లో కారు పెట్టుకొని!"

"కోడల్ని నీ కారులో పంపను. గడ్డి పరిపించుకొని, నెమ్మదిగా బండిలో తోడుకపోతా."

కోడలు హుస్సేన్ బీకి అప్పుడు ఆరో నెల. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. పీరమ్మ ఎక్కని దర్గా మెట్లు లేవు, మొక్కని మొక్కు లేదు. ఇన్నాళ్లకు నిలిచిన కడుపు అది. కొంచెం నీరసంగా ఉందనీ, నెలనెలా వచ్చి చూపించుకోవాలనీ కడప ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. ఇప్పటికే కొన్నిసార్లు హుస్సేన్ బీ మొగుడి కారులోనే వెళ్లి వచ్చింది.

"బండిలో పోతే రెండు దినాలు పడతాది మా. ఎండలో ఆ పిల్ల సొమ్మసిల్లి పోతాది."

"నీ కారెక్కితే పేగులు జాగాలు మారతాయి. పోయిన తూరి పోయొచ్చి నేను మంచం దిగలా. రోకట్లో ఏసి దంచినట్లుండె."

"అది రోడ్డు చేసిన పని. నా కారేం చేసింది?"

వసారాలోంచి గౌస్ పీర్ విల్లు ఆపాడు. "అట్ల అడ్డం మాట్లాడొద్దురా. దాన్ని కొంచెం మెత్తగ చేయ్. మెత్తగుంటే మీ అమ్మే ముందు ఎక్కుతాది."

"కారు పరుపు గాదు నాయనా! మెత్తగుంటే మలుపులో నా మాట ఇనదు. గట్టిగుంటేనే తిప్పినట్ల తిరుగుతాది."

"నీకు నీ మలుపులే ముఖ్యం," అంది పీరమ్మ, పిండి చేతులతోనే గడపలోకి వచ్చి. "కడుపులో బిడ్డ ఏమైపోయినా పర్వాలేదు."

ఇమాం బాషా చేతిలో గుడ్డ అట్లాగే నిలిచిపోయింది. తల్లి కూడా ఆ మాట అన్నాక నాలుక కరుచుకుంది. కానీ అన్న మాట అన్నట్టే ఉండిపోయింది. తలుపు చాటున హుస్సేన్ బీ ఇద్దరివైపూ చూసి లోపలికి వెళ్లింది.

ఆ రోజంతా ఇమాం బాషా అన్నం ముట్టలేదు. కారును దిమ్మెల మీదకు ఎత్తి, చక్రాల దగ్గర కమాన్లు విప్పాడు. ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల్లోంచి కొన్నిటిని లాగి పక్కన పడేశాడు. టైర్లలో గాలి కూడా బాగా తీసేశాడు. చేత్తో నొక్కితే కారు ఊయల లాగా ఊగింది. "చాలునా మా, మెత్తగయింది!" అన్నాడు ఉక్రోషంగా.

మరునాడు పొద్దున్నే తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని, భార్యను వెనక ఎక్కించుకుని బయలుదేరాడు. పీరమ్మ ఎంత చెప్పినా రాలేదు. ఊరు దాటేసరికి గౌస్ పీర్ ముఖం వెలిగిపోయింది.

"ఇదిరా కారంటే! నీళ్లమీద పోతాన్నట్లుండాది. ఎట్లుండాది తల్లీ?"

"బాగుండాది మామా," అంది హుస్సేన్ బీ.

ఇమాం బాషాకు మాత్రం చేతుల్లో తేడా తెలుస్తోంది. స్టీరింగు తిప్పితే కారు ఒక క్షణం ఆలోచించి తిరుగుతోంది. తిరిగాక ఆగమంటే ఆగడం లేదు. అటు తిప్పితే ఇటు ఒరుగుతోంది. చూస్తుండగానే వంక దగ్గర పల్లం వచ్చింది. అక్కడ కంకర రోడ్డు కిందికి జారుతూ ఒక్కసారిగా కుడికి తిరుగుతుంది. ఎడమ పక్క పెద్ద లోతు.

అతను స్టీరింగు తిప్పాడు. కారు పైభాగం లోతువైపు ఒరిగింది. వెనక చక్రాలు కంకర మీద జారి, తోక ఊపినట్టు పక్కకు పోయాయి. గౌస్ పీర్ "యా అల్లా!" అని అరిచాడు. కారు రోడ్డు దిగి, తంగేడు పొదలను నలుపుకుంటూ పోయి, ఒడ్డున ఉన్న మట్టిగట్టుకు ఆనుకుని ఆగింది.

ఇమాం బాషా వెనక్కు తిరిగి చూశాడు. హుస్సేన్ బీ రెండు చేతులతో కడుపు పట్టుకుని కళ్లు మూసుకుని ఉంది.

"ఏమ్మే! ఏమైనా అయిందా?"

"ఏం కాలా," అంది ఆమె కళ్లు తెరవకుండానే. "కదుల్తాంది. బాగుండాది."

అతను స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

ఎట్లాగో రోడ్డు ఎక్కించి, నడిచేవాళ్లకంటే నెమ్మదిగా నడుపుకుంటూ ఇంటికి వెనక్కు వచ్చారు. జరిగింది వినగానే పీరమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది.

"చెప్పినా గదా! ఆ కారు మనల్ని మింగేదాకా పోదని చెప్పినా గదా!"

"వాన్ని అనొద్దు," అన్నాడు గౌస్ పీర్. "మెత్తగ చేయమని చెప్పింది నేను. పరుపులు కుట్టేవానికి కార్లెందుకు?"

ఇమాం బాషాకు అప్పటిదాకా ఆపుకున్నదంతా పొంగింది. "గట్టిగుంటే బిడ్డను చంపుతానంటారు. మెత్తగ చేస్తే వంకలో పడేస్తాంది. నన్నేం చేయమంటారు? ఇంగ నాకీ కారొద్దు. రేపే ఎవరికన్నా ఇచ్చేస్తా. మీరు సంతోషంగా బండ్లలో పోండి!"

పీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చున్న హుస్సేన్ బీ నోరు తెరిచింది. అత్తమామల ముందర ఆమె అంత గట్టిగా మాట్లాడటం అంతకుముందు ఎవరూ వినలేదు.

"ఇచ్చేసేది తర్వాత. ఒక్క మాట అడుగుతా, చెప్పయ్యా. ఇన్నేండ్లలో ఎప్పుడన్నా నువ్వు వెనక కూచున్యావా?"

ఇమాం బాషా వాకిట్లో కారువైపు చూశాడు.

"అత్తా, మీరెప్పుడన్నా ముందర కూచున్యారా? ఆ మలుపు ఆయనకు ఎట్ల కనపడతాదో చూసినారా?"

పీరమ్మ కొంగు దించింది. "నేనెందుకు కూచుంటానే ముందర?"

"కూచోండి ఒగసారి. ఆయన వెనక కూచుంటాడు. ఆమీద కొట్లాడుకుందురు."

పులివెందుల బస్సు నడిపే రంగన్న ఇమాం బాషాకు స్నేహితుడు. బస్సు లేని రోజు చూసుకుని వచ్చాడు. తీసిన పట్టీలన్నీ తిరిగి బిగించి, టైర్లు మునుపటిలాగే గట్టిగా గాలి కొట్టి, రంగన్న స్టీరింగు పట్టుకున్నాడు. పీరమ్మ బిస్మిల్లా అనుకుంటూ ముందు ఎక్కింది. ఇమాం బాషా వెనక ఎక్కాడు.

ఊరు దాటీ దాటకముందే అతని తల పైకప్పుకు కొట్టుకుంది. ముందు కూర్చుంటే చేతుల్లో స్టీరింగు ఉంటుంది, గుంత కనపడుతుంది, ఒళ్లు ముందే బిగుసుకుంటుంది. వెనక ఆ ఆసరా ఏదీ లేదు. ఏ రాయి ఎప్పుడు తంతుందో తెలియదు. నడుము కింద సీటు మేకుల మీద కూర్చున్నట్టుంది. పట్టుకోవడానికి తలుపు దగ్గర ఒక తోలు పట్టీ వేలాడుతోంది. చెయ్యి దానిమీద పడింది. మిగతా తోలంతా గరుకుగా ఉన్నా, ఒక చిన్న చెయ్యి పట్టేంత మేర మాత్రం అరిగి నున్నగా అయిపోయి ఉంది. దర్గాలకు పోయినా, కడపకు పోయినా ఇన్నేళ్లుగా హుస్సేన్ బీ కూర్చునేది అక్కడే.

ముందు పీరమ్మ పరిస్థితి ఇంకో రకంగా ఉంది. వంక మలుపు కనబడగానే రెండు చేతులతో ముందున్న చెక్కను పట్టుకుంది.

"రంగన్నా, నెమ్మది! నెమ్మదప్పా! ఇంత లోతుండాదా ఈడ?"

"ఉండాది పీరమ్మక్కా. తిప్పింది తిప్పినట్ల ఇనాల బండి. లేకుంటే అంతే." రంగన్న స్టీరింగు తిప్పాడు. కారు ఒరగకుండా, జారకుండా మలుపు తిరిగింది. పీరమ్మ ఊపిరి వదిలింది.

"ఆపు రంగన్నా," అని వెనకనుంచి వినిపించింది.

ఇమాం బాషా దిగిపోయి రోడ్డు పక్కన మోరీ గోడ మీద కూలబడ్డాడు. పీరమ్మ కంగారుగా దగ్గరికి వచ్చింది.

"ఏమైంది నాయనా? దెబ్బ తగిలిందా?"

"ఏం ల్యా మా." అతను వెనక సీటువైపు చూశాడు. "ఆ పిల్ల ఇన్ని తూర్లు ఆ జాగాలో కూచోని వచ్చింది. ఒక్క మాట అనలా. నేను ముందర కూచోని ఊరోళ్ల ముచ్చట్లు చెప్తాంటి, ఊ కొడతాండె."

పీరమ్మ కొడుకు పక్కన గోడమీదే కూర్చుంది. అతని నెత్తిన బొప్పి కట్టిన చోట కొంగుతో అద్దింది.

"నాకూ తెలియలేదురా. ఈ లోతు పక్కన దినామూ పోతాండావు. మమ్మల్ని కాపాడేదానికే అంత గట్టిగ పెట్టుకున్యావని నేననుకోలా. నోటికొచ్చింది అనేస్తి."

"నువ్వన్నదాంట్లో తప్పు ల్యా మా."

"ఉండాది. తల్లి అనే మాట గాదు అది."

ఇంటికి వచ్చాక ఇమాం బాషా నేరుగా హుస్సేన్ బీ దగ్గరికి వెళ్లాడు. ఆమె అరుగు మీద చింతపండు పిసుకుతోంది.

"ఎందుకు చెప్పలా నాకు?"

ఆమె తలెత్తలేదు. "స్టీరింగు పట్టుకుంటే నీ మొగం ఎట్లుంటాదో నీకు తెలియదు. ఆ సంతోషం పోగొట్టేదానికి నోరు రాలా."

అతను ఆమె చేతిలో గిన్నె తీసుకుని తనే పిసకడం మొదలుపెట్టాడు. హుస్సేన్ బీ నవ్వింది.

మరునాడు కమాన్లు మళ్లీ విప్పారు. పట్టీలు తీసిన రోజే వాటి మధ్య తుప్పు పేరుకుపోవడం ఇమాం బాషా చూశాడు. కోపంలో పట్టించుకోలేదు. ఒకదానిమీద ఒకటి జారాల్సిన పట్టీలు కరుచుకుని ఒకే మొద్దులాగా అయిపోయాయి. ఇక కారు ఎత్తి కుదపక ఏం చేస్తుంది? అతనూ రంగన్నా కూర్చుని ఒక్కో పట్టీ తుప్పు గీకి, గ్రీసు పూసి, దుమ్ము పడకుండా పైన తోలు చుట్టారు. పట్టీ ఒక్కటి కూడా తగ్గించలేదు.

గౌస్ పీర్ వెనక సీటు తీసి వసారాలో పరిచాడు. కింద కొబ్బరిపీచు గట్టిగా దట్టించి, పైన దూది పరిచి, కదలకుండా దగ్గర దగ్గరగా కుట్లు వేశాడు. "అంతా దూదే పెడితే మనిషి కూరుకపోతాడు," అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

టైర్లలో గాలి సంగతి తేల్చడానికి మాత్రం ఒక పూటంతా పట్టింది. ఈసారి ఇమాం బాషా స్టీరింగు దగ్గర, పీరమ్మ వెనక సీట్లో.

"ఇంగ కొంచెం తీయ్," అనేది పీరమ్మ.

అతను కొంచెం తీసి మలుపు దాకా నడిపి చూసేవాడు. చివరికి ఒకచోట, "ఇంతే మా. ఇంతకంటే తీస్తే జారతాది," అన్నాడు.

"ఇంకా ఒకటీ అరా తగుల్తాండాయి గదరా?"

"తగుల్తాయి. ఆ కొంచెం మీరు ఓర్చుకోవాల. నేను ఇంగ కొంచెం నెమ్మదిగా పోవాల. అప్పుడే సరిపోతాది."

పీరమ్మ ఆలోచించింది. "సరే, ఓర్చుకుంటాం. నువ్వు మాత్రం గుంత వచ్చే ముందర చెప్పు."

ఆ వారంలోనే కడప ప్రయాణం పెట్టుకున్నారు. పీరమ్మ కోడలి పక్కన కూర్చుంది. "గుంత వస్తాంది!" అని ఇమాం బాషా ముందునుంచి కేక వేసేవాడు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేవాళ్లు. కారు కొంచెం ఊగి సర్దుకునేది. వంక మలుపు దగ్గర పీరమ్మ కళ్లు మూసుకుంది, కానీ ఏమీ అనలేదు. కారు చెప్పినట్టు తిరిగింది.

డాక్టరమ్మ చూసి, తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారని చెప్పింది. ఆ మాట విని పీరమ్మ కోడలి బుగ్గలు పుణికి మెటికలు విరిచింది.

బయటికి వచ్చేసరికి ఆసుపత్రి మెట్ల దగ్గర ఒక బాలింత నిలబడి ఉంది. పచ్చిబిడ్డను ఎత్తుకుని, ముఖం పాలిపోయి ఉంది. ఆమె తల్లి ఎద్దుల బండిలో బొంత పరుస్తోంది. వాళ్లది వేంపల్లె దారిలోనే, పెండ్లిమర్రి దగ్గర పల్లె. పీరమ్మ ఆగి బండిని చూసింది, బాలింతను చూసింది. నేరుగా వాళ్ల దగ్గరికి నడిచింది.

"ఈ బండిలో యాడ పోతావు తల్లీ? మాతో రండి. మా వాని కారుండాది, మీ ఊరి దగ్గర దింపుతాం. ఏం బయం ల్యా. పచ్చిబిడ్డ నిద్ర గూడా చెదరదు, అంత బాగ తోల్తాడు."

కారు దగ్గర నిలబడిన ఇమాం బాషా చెవిన ఆ మాటలు పడ్డాయి. అతను చటుక్కున అటు తిరిగి, అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. హుస్సేన్ బీ పక్కకు వచ్చి నిలబడి, అతని కళ్లవైపు చూడకుండా, వెనక తలుపు తీసి పట్టుకుంది.