పిలవకుండా వేసిన తలుపు

తుఫాను వస్తోందని కబురందిన ఆ మధ్యాహ్నం, యుద్ధనౌక భోజనాల గదిలో సరంగు కాళ్ళు బారజాపుకుని టీ తాగుతున్నాడు. ఓడలో తలుపులూ తాళ్ళూ లంగరు గొలుసులూ అన్నీ అతని చేతి కింద ఉండేవి. దాంతో ఓడంతా తన సొంత ఆస్తి అయినట్టు మాట్లాడేవాడు. ఇలాంటివాళ్ళు ప్రతి కొలువులోనూ ఒకరుంటారు. పక్కవాడు భయపడుతుంటే తప్ప వీళ్ళకు ధైర్యం పుట్టదు.

ఆ పూట భయపడినవాడు అతని సొంత బామ్మర్దే. ఓడలో దీపాల పని చేస్తాడు, అతనికిది మొదటి ప్రయాణం. "వాడికి నీళ్ళంటేనే వణుకు. ఎలా తీసుకెళ్తున్నారో అలా తీసుకురండి" అని సరంగు భార్య రేవు దాకా వచ్చి మరీ చెప్పింది. ఆ మాటను సరంగు ఓడంతా చెప్పుకుని నవ్వాడు.

"బావా, ఇంత పెద్ద ఓడ కూడా మునుగుతుందా?"

"మునగడానికి ఇదేమన్నా కాగితం పడవా?" అన్నాడు సరంగు. "కెరటానికి పక్క చూపిస్తే బోల్తా కొడుతుంది. అందుకే ముక్కు దానికేసి తిప్పి మెల్లగా పోతాం. బరువంతా అడుగున ఉంటుంది, ఎంత ఒరిగినా మళ్ళీ లేస్తుంది. ఉక్కు వంగుతుంది, మూలుగుతుంది. వంగుతుంది కాబట్టే విరగదు. ఇక లోపలంతా గదులు గదులు. ఒక గదిలోకి నీళ్ళొస్తే దాని తలుపు బిగించేస్తాం. ఆ గది పోతుంది, ఓడ ఉంటుంది. బుర్రకెక్కిందా, పిరికి సన్నాసీ?"

"ఆ గదిలో మనిషుంటే?"

"నీ వెధవ ప్రశ్నలు నువ్వూను! లంగరు గొలుసుగదిలో దీపం పోయింది, వెళ్ళి మార్చిరా. చేతిలో పనుంటే భయం పోతుంది."

బామ్మర్ది వెళ్ళాడు. సరంగు ఇంకో టీ పోయించుకున్నాడు.

ఆ ఓడలో ఒక పద్ధతి ఉంది. నీళ్ళు చొరని ఆ ఇనుప తలుపులు వేసేముందు తల లోపలికి పెట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని గట్టిగా పిలవాలి. కాసేపు వినాలి. ఆ తర్వాతే గడియలు బిగించాలి. ఖాళీ అని తెలిసిన గదికైనా సరే, పిలవాల్సిందే. ఎందుకని అడిగితే పాతవాళ్ళు మాట మార్చేస్తారు. సరంగుకి ఇదంతా వెటకారం. "నా తలుపు నేను వేసుకోవడానికి ఎవర్ని బతిమాలాలి?" అనేవాడు.

తుఫాను హెచ్చరిక గంట మోగింది. ఓడ మీది చిన్న పడవలకు తాళ్ళు కట్టించి, ఒక్కో తలుపూ ధడాలున వేసుకుంటూ పోయాడు. అన్నిటికన్నా చివర, ఓడ ముక్కు దగ్గర, గొలుసుగది తలుపు. లోపలికి చూడలేదు. పిలవలేదు. బామ్మర్ది సంగతి అసలు గుర్తే లేదు. గడియలు బిగించి, ఎదురుగా నడవాలోని బల్ల మీద చతికిలపడ్డాడు.

తుఫాను కమ్ముకుంది. పగలే చీకటి పడింది. ఓడ ముక్కు పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, కిందికి విరుచుకుపడేది. ప్రతిసారీ ఉక్కు మూలిగేది. తుప్పు వాసన, నూనె వాసన, వాటి మధ్య ఎక్కడినుంచో పచ్చి ఉప్పునీటి వాసన.

పక్కన ఎవరో కూర్చున్నారు.

"వచ్చావా?" అన్నాడు సరంగు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, వీణ్ణి తనెక్కడికి పంపాడో. గుండె కుదుటపడింది.

"వచ్చాను బావా."

బామ్మర్ది గొంతులో వణుకు లేదు. ఫరవాలేదు, మనిషవుతున్నాడు అనుకున్నాడు సరంగు.

ఠక్... ఠక్... ఠక్...

గొలుసుగది లోపలినుంచి.

"గొలుసు ఊగుతోంది" అన్నాడు సరంగు.

ఠక్... ఠక్... ఆగి... ఠక్.

గొలుసు ఆగి ఆగి కొట్టదు. ఆ సంగతి సరంగుకి తెలుసు. లేచి తలుపుకి చెవి ఆనించాడు. అవతల ఎవరో ఏడుస్తున్నారు.

"బావా... తలుపు తియ్యి బావా... దీపం పెట్టేశాను..."

సరంగు మెల్లగా వెనక్కి తిరిగాడు. బల్ల మీద బామ్మర్ది అలాగే కూర్చున్నాడు. బట్టల మీంచి నీళ్ళు కారుతున్నాయి. అసలు ఆగకుండా కారుతున్నాయి.

"నువ్విక్కడుంటే... లోపలెవరు?"

"నువ్వు పిలిచి ఉంటే తెలిసేది."

తుఫానులో మూసిన తలుపు తీయాలంటే కెప్టెన్ అనుమతి కావాలి. సరంగు గోడకున్న ఫోన్ అందుకున్నాడు.

"ఏం చెప్తావు బావా?" బల్ల మీదిది గుసగుసలాడింది. "పిలవకుండా వేశానని చెప్తావా? నవ్వుతారు... నువ్వు భయపడ్డావని చెప్పుకుని ఓడంతా నవ్వుతుంది..."

ఫోన్‌లో అవతల గొంతు "ఏంటి? చెప్పు" అంది.

ఠక్... ఠక్...

"ఏం లేదు సార్. ఇక్కడంతా బాగానే ఉంది" అన్నాడు సరంగు.

అదీ మన సరంగు ధైర్యం.

చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత మెల్లబడింది. తర్వాత లేదు.

తుఫాను తగ్గింది. ఓడ చెక్కుచెదరలేదు, అతను చెప్పినట్టే. బల్ల మీద ఎవరూ లేరు, ఉప్పునీటి మడుగు తప్ప. గొలుసుగది తలుపు తీశారు. లోపల చుక్క నీరు లేదు. కొత్త దీపం వెలుగుతోంది. తలుపు లోపలివైపు రంగు పిడికిలి మేర పెచ్చులూడింది. మనిషి మాత్రం లేడు. అంత తుఫానులోనూ, మార్చి తీసిన పాత గాజు బల్బు నేల మీద నిలబెట్టినచోటే నిలబడి ఉంది.

కెరటం లాక్కుపోయి ఉంటుందన్నారు అందరూ. సరంగు తన భార్యతో కూడా అదే చెప్పాడు. ఆవిడ ఏడుస్తుంటే తల తిప్పుకుని, వాడికి మొదట్నుంచీ జాగ్రత్త లేదన్నాడు.

ఇప్పుడు సరంగు పిలవకుండా ఏ తలుపూ వేయడు. ఓడలోనే కాదు, ఇంట్లోనూ అంతే. పడగ్గది గడప దగ్గర నిలబడి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అంటాడు. భార్య విసుక్కుంటుంది.

లోపలినుంచి ఎప్పుడూ జవాబు రాదు. తడి బట్టల వాసన వేస్తుంది. సరిగ్గా అతని వీపు వెనకనుంచి, చెవి పక్కనే వినిపిస్తుంది...

"ఇక్కడున్నాను బావా. నువ్వు లోపలికెళ్ళు. తలుపు నేనేస్తాను."