ఎర్ర టోపీ వచ్చేదాకా

ఒంటిపూట బడి వదిలారు. పుల్లలచెరువు దాటి నల్లమల వైపు పోయే దారిలో ఉన్న ఆ చిన్న ఊళ్ళో, ఎండకు కుక్కలు కూడా నీడ వదిలి రావడం లేదు. సుప్రియ మాత్రం పుస్తకాల సంచి అరుగు మీద పడేసి, అన్నం మాట మరిచి, అవ్వ కొంగు పట్టుకుంది.

"అవ్వా, ఫోన్ ఇయ్యవా. ఒక్క ఆటే."

"నీ ఒక్క ఆట నాకు తెల్దా? పొద్దుగూకిందాకా ఒక్క ఆటే," అంది అవ్వ రాఘవమ్మ. అంటూనే గూట్లోంచి ఫోన్ తీసి ఇచ్చింది. అమ్మ సుమ మిరపకాయల కోతకు పోతూ ఫోన్ అవ్వ దగ్గరే వదిలి పోతుంది. నాయన ఎప్పుడైనా చేస్తాడేమోనని.

సుప్రియ నాయన వీరాంజనేయులు ఊళ్ళో లేడు. ఎండాకాలం మొదలైతే ఇక్కడ గొర్రెలకు మేతా ఉండదు, నీళ్ళూ ఉండవు. అందుకని మందను తోలుకుని కాలువల కింది ఊళ్ళకు పోయాడు. వరి కోసిన చేలల్లో రాత్రిపూట మంద కడితే పొలానికి ఎరువు, గొర్రెలకు మేత. మళ్ళీ వానలు పడ్డాకే ఇంటికి రావడం.

ఈ ఏడు మాత్రం తండ్రీ కూతుళ్ళు రోజూ సాయంత్రం కలుసుకుంటున్నారు. ఎక్కడనుకున్నారు? టోపీల గేమ్‌లో.

వీరాంజనేయులు చిన్నప్పుడు, మార్కాపురంలో వాళ్ళ మేనమామ ఇంట్లో, టీవీకి తగిలించి ఆడే గేమ్ ఒకటి ఉండేది. కేసెట్ పెడితే ఎర్ర టోపీ, నీలం టోపీ పెట్టుకున్న ఇద్దరు తెర మీదికి వచ్చేవాళ్ళు. ఇద్దరూ కలిసి కొండలు ఎక్కాలి, గుంతలు దూకాలి. కేసెట్ మీద కాగితం ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి దాని అసలు పేరు ఎవరికీ తెలియదు. పిల్లలకు అది టోపీల గేమ్, అంతే.

ఇన్నేళ్ళకు ఆ గేమ్‌నే కొత్తగా తయారు చేసి ఫోన్లలోకి వదిలారు. మంద కాస్తూ ఫోన్‌లో ఏదో చూస్తుంటే మధ్యలో దాని ప్రకటన వచ్చింది. చిన్నప్పటి ఆ గేమ్ పాట వినగానే నాయన గొర్రెల్ని మరిచిపోయాడట. అవి పక్క చేలో పడి, రైతు చేత ఆయనకు నాలుగు తిట్లు పెట్టించాయి. తిట్లు తిని కూడా నవ్వుతూనే ఇంటికి ఫోన్ చేశాడు.

"సుప్రియమ్మా, ఒక గేమ్ చెప్తా, ఎక్కించుకో. నువ్వు నీలం టోపీ. నేను ఎర్ర టోపీ."

కొత్త గేమ్‌లో బొమ్మలు సినిమాలో ఉన్నట్టే ఉన్నాయి. నాయనకు అవి అంతగా నచ్చలేదు. "మా ఎర్ర టోపీకి ముక్కు ఉండేది కాదు," అన్నాడు. పాట మాత్రం అదే. ఆడుతూ గేమ్‌లోనే మాట్లాడుకునేవాళ్ళు కదా, అది మోగినప్పుడల్లా నాయన మాట్లాడడం ఆపేసేవాడు.

నాయన ఆట మహా నిదానం. ప్రతి మలుపులోనూ ఆగి నీలం టోపీ కోసం వెనక్కి చూసేవాడు. మందను తోలేటప్పుడు కూడా అంతే. ముందు ఒకరు, వెనక ఒకరు నడుస్తారు. వెనక మనిషి కేక వేసిందాకా ముందు మనిషి వాగు దాటడు. సెలవుల్లో మంద వెనక నడిచి ఎన్నోసార్లు కేక వేసిన పిల్లే సుప్రియ. కానీ గొర్రెల పద్ధతి గేమ్‌కు ఎందుకని ఆ పిల్ల బాధ.

నిన్న సాయంత్రం ఇద్దరూ ఆఖరి తలుపు దగ్గరికి చేరారు. తలుపు ముందు రెండు రాళ్ళు. టోపీలు రెండూ చెరో రాయి మీద నిలబడితేనే తలుపు తెరుచుకుంటుంది. సరిగ్గా ఎర్ర టోపీ రాయి ఎక్కబోతుంటే నాయనకు సిగ్నల్ పోయింది. కాసేపటికి ఫోన్ చేసి, "రేపు తీద్దామమ్మా. నేను వచ్చిందాక ముట్టుకోవద్దు," అన్నాడు. ఆ మాటే రెండుసార్లు చెప్పాడు. సుప్రియ పట్టించుకోలేదు.

"ఇంకా తలుపు కాడేనా?" అంటూ ఇప్పుడు అరుగెక్కాడు ఎబినేజర్. ఆరో తరగతిలో సుప్రియ పక్క బెంచీ. చేతిలో వాళ్ళన్న ఫోన్.

సుప్రియ నోట్లో నువ్వుగింజ నానదు. తలుపు సంగతి పొద్దున్నే క్లాసంతా చెప్పేసింది. "మీ నాయన గేమ్‌లోకి కూడా గొర్రెల్ని తోలుకుని వస్తాడా, అంత లేటు?" అని ఎబినేజర్ అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవుల్లోంచి పోలేదు.

"మా నాయన సాయంత్రం వస్తాడు," అంది సుప్రియ.

"సాయంత్రం సిగ్నల్ ఉంటదో ఉండదో. ఎర్ర టోపీ నేను తీసుకుంటాలే. ఒక్క నిమిషం పని. రేపు బడిలో చెప్పుకోవచ్చు."

సుప్రియ గేమ్ తెరిచింది. నీలం టోపీ తన రాయి మీద ఒంటరిగా నిలబడి ఉంది. "ఎర్ర టోపీ రాలేదు. వేరేవాళ్ళను పిలవాలా?" అని గేమ్ అడుగుతోంది.

సుప్రియ వేలు కాసేపు గాల్లోనే ఆగింది. నాయన మాట గుర్తుంది. 'తీసి పెడితే ఆయనకే సులువు కదా' అని తనకు తానే చెప్పుకుంది. తప్పు చేసే ముందు మనందరికీ ఇట్లాంటి మంచి కారణం ఒకటి ఎక్కడో దొరుకుతుంది. అవును అని నొక్కేసింది.

ఎబినేజర్ ఎర్ర టోపీ వచ్చి రాయి ఎక్కింది. తలుపు తెరుచుకుంది. తెర నిండా ఏవేవో వెలిగాయి. పాట మొదలయ్యేలోపే ఎబినేజర్, "నొక్కు, నొక్కు, కింద బటన్ ఉంది చూడు," అన్నాడు. సుప్రియ నొక్కింది. వెలుగంతా మాయమై, నీలం టోపీ పోయి బంగారు టోపీ వచ్చింది.

ఆత్రగానికి బుద్ధి మట్టు అని పెద్దలు ఊరికే అనలేదు. కానీ ఆ పూట ఇద్దరూ ఎగిరి గంతులేశారు.

సాయంత్రం నాయన ఫోన్ చేశాడు.

"సుప్రియమ్మా, సిగ్నల్ కోసమని కాలువ గట్టు ఎక్కినా. మోటారు షెడ్డులో ఛార్జింగ్ నిండా పెట్టుకున్నా. గొర్రెల్ని కూడా తొందరగా తోలుకొచ్చి కట్టేసినా. దా, పోదాం."

"నాయనా, నేనూ ఎబినేజర్ మధ్యాహ్నమే తీసేసినాం. నాకు బంగారు టోపీ వచ్చింది."

ఆ టోపీ ఎట్లా మెరుస్తుందో కూడా చెప్పింది.

"నాయనా?"

"ఆఁ, వింటుండా. తీసినారా? మంచిదేలే."

"తలుపు తెరిచే ఉంది నాయనా. నువ్వు కూడా చూడొచ్చు."

"చూస్తాలే అమ్మా. ఇప్పుడు కాదు. గొర్రెలు బెదిరినట్లుండాయి, పోతా."

ఫోన్ పెట్టేశాడు. గొర్రెల అలికిడి మాత్రం సుప్రియకు ఏమీ వినపడలేదు.

పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్న అవ్వ తల ఎత్తింది. "ఏ తలుపు అది? ఇద్దరు రాళ్ళ మీద నిలబడితే తెరుచుకునేదేనా?"

"నీకెట్ల తెలుసు అవ్వా?"

"తెలీకపోవడమేంది? నా బిడ్డలిద్దరూ అన్నం కాడ కూడా దాని మాటలే కదా చెప్పుకునింది."

ఇద్దరు బిడ్డలు. సుప్రియకు మేనత్త రమణి అంటే గోడ మీద పటం మాత్రమే. రెండు జడలు, పెద్ద బొట్టు. నాయన ఆమె గురించి ఎప్పుడూ మాట్లాడడు.

"నీలం టోపీ రమణిది," అంది అవ్వ. "మీ నాయన కంటే చిన్నది. వేసవి సెలవులకు ఇద్దరినీ మార్కాపురం పంపేవాళ్ళం. ఒక ఏడు, రేపు ఊరికి వస్తారనంగా ఆ తలుపు కాడికి చేరినారంట. అప్పుడే కరెంటు పోయింది. ఆ పాత మిషన్‌లో కరెంటు పోతే ఆడిందంతా పోయినట్లే. అది ఒకటే ఏడుపు. వచ్చే సెలవులకు తీద్దాంలే అని చెప్పి మీ నాయన దాన్ని బస్సు ఎక్కించినాడు."

"వచ్చే సెలవులకు తీసినారా?"

"వచ్చే సెలవులకు అది ఏది? వానల్లో కామెర్లు ముదిరినాయి. గుంటూరు దాకా తీసుకుపోయినా దక్కలేదు." అవ్వ రొట్టె తిప్పబోయి ఊరుకుంది. అది ఒక పక్క మాడింది. "మామ కొడుకులు ఆడదాం రమ్మన్నా మీ నాయన మళ్ళ ఆ మిషన్ ముట్టుకోలే."

"నాకెందుకు చెప్పలేదు అవ్వా?"

"చెప్పేదానికి వానికి నోరు రావద్దా?"

గట్టు ఎక్కి, ఛార్జింగ్ పెట్టుకుని, గొర్రెల్ని తొందరగా కట్టేసి నాయన ఎవరికోసం వచ్చాడో ఇప్పుడు సుప్రియకు అర్థమైంది. వెంటనే ఫోన్ చేసింది. స్విచాఫ్. ఆ పూట రొట్టె ముట్టకుండానే పడుకుంది.

మర్నాడు నాయన ఎప్పటిలాగే ఫోన్ చేశాడు. పరీక్షలెప్పుడు అన్నాడు, అవ్వ మోకాలెట్ల ఉంది అన్నాడు. గేమ్ మాట ఎత్తలేదు.

"నాయనా, రమణత్త సంగతి నాకు తెలీదు. అవ్వ చెప్పింది," అంది సుప్రియ ఏడుస్తూ.

"ఏడవద్దు. ఆటే కదా తల్లీ," అన్నాడు నాయన.

తిట్టినా అంత బాధ ఉండేది కాదు ఆ పిల్లకు.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం గేమ్ తెరిచి అంతా వెతికింది. ఆడిందంతా చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టే బటన్ ఒక మూల దొరికింది. పక్కనే ఉన్న ఎబినేజర్, "పిచ్చా నీకు? బంగారు టోపీ పోతది," అన్నాడు.

"పోనీ."

"మీ నాయన కోసమా?" అన్నాడు మెల్లగా. అవ్వ చెప్పిందంతా సుప్రియ వాడికి చెప్పింది. వాడు తల వంచుకుని, "నేను రాకుండా ఉండాల్సింది," అన్నాడు.

"పిలిచింది నేనే కదా," అంది సుప్రియ, బటన్ నొక్కింది. గేమ్‌లో ఆడిందంతా చెరిగిపోయింది. చేసిన పని మాత్రం చెరగదు కదా. అది ఆ పిల్లకూ తెలుసు.

తర్వాత నాయనకు వాయిస్ మెసేజ్ పెట్టింది. "నాయనా, మొదటి గుంత కాడ నిలబడుకున్నా. నువ్వు వచ్చిందాక దాటను. ఎవర్నీ పిలవను."

ఆ సాయంత్రం ఎర్ర టోపీ రాలేదు. మర్నాడూ రాలేదు. వేరేవాళ్ళను పిలవాలా అని గేమ్ అడిగినప్పుడల్లా సుప్రియ వద్దు అని నొక్కుతూనే ఉంది. నీలం టోపీ గుంత ఒడ్డున అట్లాగే నిలబడి ఉండేది. బడిలో ఎవరో "మళ్ళీ మొదటికొచ్చినావంటనే" అని నవ్వారు. సుప్రియ పుస్తకం తెరుచుకుంది. పరీక్షలు మొదలయ్యాయి, ఎబినేజర్ కూడా గేమ్ మాట ఎత్తడం మానేశాడు.

ఒక సాయంత్రం తెర అంచున ఎర్ర టోపీ కనిపించింది. వచ్చి నీలం టోపీ పక్కన నిలబడింది. పాత పాట అయిపోయేదాకా ఇద్దరూ విన్నారు. తర్వాత నాయన, "దూకుదామా?" అన్నాడు.

ఈసారి ప్రతి మలుపులోనూ సుప్రియే ఆగి వెనక్కి చూసింది. సిగ్నల్ పోతే ఉన్నచోటే ఉండిపోయింది. పరీక్షలు అయిపోయి సెలవులు ఇచ్చాక ఒకనాడు మళ్ళీ ఆ తలుపు దగ్గరికి చేరారు. నీలం టోపీ తన రాయి ఎక్కింది. ఎర్ర టోపీ మాత్రం కింద ఆగిపోయింది.

"అవతల ఏముందో నువ్వు చూసినావు కదా," అన్నాడు నాయన.

"సరిగా చూడలే నాయనా. ఆత్రంగా నొక్కేసినాం."

"చూసిందన్నా చెప్పొద్దు."

"చెప్పను."

నాయన ఎర్ర టోపీని రాయి పక్కకు జరిపాడు. కాలువ నీళ్ళ చప్పుడు ఫోన్‌లో వినిపిస్తోంది. "తలుపు అవతల వాన పడతా ఉంటదని రమణి అనేది. నేనేమో కాదు, పెద్ద పాము ఉంటదనేవాణ్ణి. ఇద్దరం పందెం కూడా వేసుకున్నాం."

ఎర్ర టోపీ రాయి ఎక్కింది. తలుపు తెరుచుకుంది.

లోపల పాము లేదు. పైనుంచి బంగారు కాసులు రాలుతున్నాయి. తెర నిండా, ఆగకుండా, రెండు టోపీల మీదా పడుతున్నాయి. పడినచోటల్లా చిన్న చప్పుడు.

"కాసులు కదా అవి?" అన్నాడు నాయన.

"కాసులే నాయనా."

"వాన మాదిరే పడతాండాయి." "రమణే గెలిచిందమ్మా."

నాయన ఏడవడం సుప్రియ ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు విన్నది. తన కళ్ళ నుంచి కూడా నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు.

తెర కింద బటన్ వెలుగుతోంది. అది నొక్కితే కాసులు ఆగిపోతాయి, నొక్కకపోతే రాలుతూనే ఉంటాయి. సుప్రియ దాని దగ్గర్నుంచి వేలు తీసేసి, ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"సుప్రియా, అన్నం చల్లారిపోతా ఉంది, రా," అని లోపల్నుంచి అమ్మ పిలిచింది.

"ఉండమ్మా," అంది సుప్రియ మెల్లగా. "నాయన ఇంకా చూస్తాండాడు."