రంగు వెలిసిన ఆకాశం

బొమ్మ గోడ మీదే ఉంది. అయినా బొమ్మ దొంగతనమైందని కంప్లైంటు!

ఇంగ్లండులోని రామ్స్‌గేట్, 1861 అక్టోబరు. ఉదయం పదకొండు గంటలు. ఇన్‌స్పెక్టర్ హారాప్ టోపీ తీసి ముందుగదిలో నిలబడ్డాడు. ఎదురుగా గోడ మీద తుఫాను సముద్రం. ఒరిగిపోతున్న ఓడ. దాని వెనక దిగిపోతున్న సూర్యుడు, లేత గులాబీ ఆకాశం.

"ఇది మా ఆయన వేసింది కాదు," అంది మిసెస్ టల్క్. చిత్రకారుడు టల్క్ పోయి చాలా ఏళ్లయింది. ఆమెకిప్పుడు డెబ్బై దాటాయి. "దాన్నెవరో ఎత్తుకుపోయి దీన్ని తగిలించారు."

"విన్నారుగా?" మేనల్లుడు రూపర్ట్ నిట్టూర్చాడు. "నెల రోజులుగా ఇదే పాట. కళ్లెదుట ఉన్న బొమ్మ పోయిందంటుంది అత్తయ్య. అందుకే డాక్టరు గారిని పిలిపించాను."

డాక్టర్ స్లేడ్ ముందు కాగితాలున్నాయి. వాకిట్లో పిచ్చాసుపత్రి బండి ఆగి ఉంది. ఆయన సంతకం పెడితే మిసెస్ టల్క్ ఆ బండెక్కాలి. ఇల్లూ బొమ్మలూ రూపర్ట్ అజమాయిషీలోకి వస్తాయి.

హారాప్‌కు రూపర్ట్ నచ్చలేదు. అత్త మీద అంత జాలి ఉన్నవాడు బండిని ముందే పిలిపించుకుంటాడా? అయితే నచ్చకపోవడం సాక్ష్యం కాదు కదా!

"తేడా ఏముందమ్మా?"

"అదే నా ఖర్మ! ఏమీ లేదు. ఓడ అదే, అల అదే. కానీ దీని ముందు కూర్చుంటే ఆయన పక్కనున్నట్టు లేదు."

డాక్టరు కలం సిరాలో ముంచాడు.

"నేను చెప్తానుండండి," అన్నాడు డ్రాయింగ్ మాస్టారు క్విల్టర్. లావుపాటి మనిషి. మాటకు ముందే నవ్వు. "పోయిన చలికాలమంతా ఇక్కడే కూర్చుని దీని నకలు తీశాను. ప్రతి గీతా నాకు కంఠతా. ఇది అసలుదే."

"నీ నకలేమైంది?" అడిగాడు హారాప్.

"బాగా కుదరలేదండీ. పొయ్యిలో పెట్టేశా."

"నకలు తీసేటప్పుడు బొమ్మను కిందికి దించావా?"

"దించనిస్తేగా! ఫ్రేము మీద చెయ్యేస్తే ఇల్లెగిరిపోయేలా అరిచేవారు."

"అరవనా మరి! ఆయన తగిలించాక అది ఆ మేకు దిగింది లేదు," అంది మిసెస్ టల్క్. "అసలా ఆకాశం ఇలా ఉండేదే కాదు ఇన్‌స్పెక్టర్ గారూ. వేసిన కొత్తలో కొలిమిలా ఉండేది. రంగుల షాపువాడు నెత్తీనోరూ కొట్టుకున్నాడు, అయ్యా ఈ ఎరుపు నిలవదు అని. ఆయన వింటేనా! ఈ సాయంత్రానికి ఈ ఎరుపే కావాలన్నారు. ఏటేటా పాలిపోతూ వచ్చింది."

రూపర్ట్ పకపకా నవ్వాడు. "రాసుకోండి డాక్టర్! ఆకాశం కొలిమట! నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అది గులాబీ రంగే."

హారాప్ కిటికీ దగ్గరికి నడిచాడు. దక్షిణపు కిటికీ. రోజంతా ఎండ. దానికి కర్టెన్ వేలాడుతోంది, వెలిసిన ఇటుక రంగులో. ఒక మడత విప్పి చూశాడు. లోపల నిగనిగలాడే ఎరుపు. మడత వదిలి వెనక్కి వచ్చాడు.

"బొమ్మ దించాలి."

"వద్దండీ!" క్విల్టర్ మొహంలో నవ్వు మాయమైంది. "పాత ఫ్రేము. విరిగిపోతుంది!"

"విరిగితే ఆవిడది విరుగుతుంది. నీకెందుకయ్యా బెంగ?"

హారాప్ మిసెస్ టల్క్ వైపు చూశాడు. ఆమె కాసేపు తటపటాయించి తలూపింది.

బొమ్మను బల్ల మీద బోర్లించాడు. మేకులు పీకాడు. ఫ్రేము పక్కకు తీసి బొమ్మను వెల్లకిలా తిప్పాడు. ఇంతవరకూ ఫ్రేము కప్పి ఉంచిన అంచు బయటపడింది. వేలెడు వెడల్పు. అక్కడా లేత గులాబీ రంగే.

"ఏముంది ఇందులో? అంతా ఒకటే రంగు," అన్నాడు రూపర్ట్.

"అంతా ఒకటే రంగు కాబట్టే ఇది నకలు," అన్నాడు హారాప్. "ఎండ ఎరుపును తినేస్తుంది. ఆ కర్టెన్ చూడండి. పైన వెలిసింది, మడతలో నిలిచింది. ఫ్రేము కింద ఏనాడూ వెలుతురు పడలేదు. టల్క్ గారి ఎరుపు ఆ అంచులో అలాగే ఉండాలి. క్విల్టర్ ఫ్రేములో కనబడినంత మేరే చూశాడు. వెలిసిన రంగునే అంచుదాకా పూశాడు. అసలు బొమ్మ చేతికొచ్చాక అంచు చూసి గుండె గుభేలుమని ఉంటుంది. ఏం లాభం? నకలు అప్పటికే గోడెక్కింది. అవునా మాస్టారూ?"

క్విల్టర్ రూపర్ట్ వైపు వేలు చూపించాడు. "మార్చింది రూపర్టండీ! ఈవిడ చర్చికెళ్లినప్పుడు. అంచు ఎర్రగా ఉందని నాతో ఒక్క ముక్క చెప్పలేదు, వెధవ!"

"ఫ్రేము రంగు అంటుకుందేమో అనుకున్నా..." అనేసి రూపర్ట్ నాలుక కరుచుకున్నాడు.

డాక్టర్ స్లేడ్ సిరాబుడ్డికి మూత పెట్టాడు.

క్విల్టర్ ఇంటి అటక మీద అసలు బొమ్మ దొరికింది. కానిస్టేబుల్ దాన్ని తెచ్చేసరికి వాకిట్లో బండి లేదు. రూపర్ట్‌నూ క్విల్టర్‌నూ ఎక్కించుకుని స్టేషన్‌కు వెళ్లింది.

బొమ్మ నడుమ అదే పాలిపోయిన ఆకాశం. దాని అంచున మాత్రం నిప్పులాంటి ఎరుపు. మిసెస్ టల్క్ ఆ అంచును వేలితో తడిమింది. కళ్ల నీళ్లు ధారగా కారాయి.

"నేను పిచ్చిదాన్ని కాదు," అంది.

"కాదమ్మా."

హారాప్ ఫ్రేము అందుకున్నాడు. ఆమె అడ్డుపడింది.

"వద్దు. ఇలాగే తగిలించండి."

"ఎండకు ఇది కూడా పోతుందమ్మా."

"పోనివ్వండి. దాచిపెడితే నాకు మాత్రం కనబడుతుందా? ఉన్నన్నాళ్లు చూసుకుంటాను."

హారాప్ బొమ్మను పాత మేకుకే తగిలించాడు. మనసొప్పక, వెళ్తూ వెళ్తూ కర్టెన్ సగం మూయబోయాడు.

"తీసే ఉంచండి," అంది మిసెస్ టల్క్.

హారాప్ కర్టెన్ వదిలేసి టోపీ పెట్టుకున్నాడు.