పడవకి టోల్ ఉండదు

"ఇది కారా, పడవా?"

ఫ్రాన్సు పడమటి కొసన, బ్రిటనీలోని కెంపేర్ స్టేషన్ బయట, వీపున సంచీతో నిలబడ్డ కుర్రాడు అడిగిన మొదటి మాట అది. రోజెన్‌కి ఒళ్లు మండింది. అద్దె కారు నెత్తిన పడవని తాళ్లతో బిగించేసరికి ఆమె చేతులు ఎర్రగా కందిపోయాయి.

"కారే. పైనున్నది పడవ. లియోన్ దాకా సీటు బుక్ చేసుకున్న తిబో మీరేనా?"

"నేనే. మీ ప్రకటనలో పడవ సంగతి లేదే!"

"సీటు లోపలే కదండీ ఉంది. మిమ్మల్ని పైన కూర్చోమన్నానా?"

తిబో నవ్వేసి సంచీ వెనక సీట్లో పడేశాడు. రైళ్ల సమ్మె లేకపోతే అతను ఈపాటికి కిటికీ పక్కన కునికిపాట్లు పడుతూ ఉండేవాడు. లియోన్‌లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే మాస్టారు. వసంతకాలం సెలవులకి స్నేహితుడి ఇంటికొచ్చి, సముద్రం చూసి, తుమ్ములు అంటించుకుని ఇంటికి బయల్దేరాడు.

రోజెన్‌ది ఆ దగ్గర్లోని దువార్నెనే రేవు. రెండేళ్లు సార్డీన్ల ఫ్యాక్టరీలో చేపల తలలు కోసి, ఆ డబ్బుతో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని పడవలు కట్టడం మొదలుపెట్టింది. ఇది ఆమె కట్టిన మొదటి పడవ. లియోన్ అవతల, కొండల మధ్యనున్న ఆనెసీ సరస్సులో పడవలు అద్దెకిచ్చే మదామ్ దుక్రే కొత్తవి కొనబోతోంది. రేపు, శనివారం, ఆవిడ మధ్యాహ్న భోజనానికి లేచేలోపు పడవ నీళ్లలో కనబడాలి. ఆవిడకి నచ్చితే షెడ్డు నిలుస్తుంది. లేకపోతే మళ్లీ చేపల తలలే.

రెన్ నగరం దాటేదాకా అంతా సవ్యంగానే సాగింది. అప్పుడు తిబో ఊరికే ఉండలేక అడిగాడు.

"టోల్‌కి ఎంత వేసుకున్నారు?"

"దేనికీ?"

"టోల్‌కండీ. రోడ్డుకి కడతాం కదా."

రోజెన్ మనసులో లెక్కంతా తిరగేసింది. అద్దె, పెట్రోలు, ఇన్సూరెన్సు, రొట్టె, జున్ను, వానొస్తే కప్పే టార్పాలిన్ దాకా అన్నీ వేసుకుంది. టోల్ మాత్రం వేసుకోలేదు. బ్రిటనీలో ఏ రోడ్డు మీదా టోల్ ఉండదు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లకి రోడ్డుకి డబ్బు కట్టాలన్న ఊహే రాలేదు.

"పోనూ రానూ నూట యాభై యూరోల పైనే అవుతుంది," అన్నాడు తిబో, నవ్వు ఆపుకోవడానికి అవస్థపడుతూ.

"మా ఊళ్లో రోడ్డు మీద నడవడానికి ఎవడికీ డబ్బు కట్టం!"

"మా ఊళ్లో కడతాం. మీరు మా ఊరివైపే వస్తున్నారు మరి."

"అయితే టోల్ లేని రోడ్లమీదే వెళ్తాను. పాత రోడ్లున్నాయిగా."

"పద్నాలుగు గంటలు పడుతుందండీ బాబూ!"

"పడనివ్వండి. నా దగ్గర గంటలున్నాయి, డబ్బే లేదు."

ఈ వాదనలో వీత్రే ఊరు దాటాక పెద్ద రోడ్డు దిగాల్సిన మలుపు కాస్తా దాటిపోయింది. ఇద్దరూ నోళ్లు మూసుకుని చూసేసరికి ఎదురుగా టోల్ గేటు. పైగా పడవ ఎత్తు చూసి, మిషను ఆ చిన్న కారుని వ్యాన్ కింద జమకట్టి పెద్ద రేటు చూపించింది.

ఇంకొకరైతే తిట్టుకుంటూ కట్టేసేవారు. రోజెన్ సహాయం బటన్ నొక్కింది.

"చెప్పండి మదామ్," అంది స్పీకర్లోంచి ఒక విసుగు గొంతు.

"మీ మిషను నా కారుని వ్యాన్ అనుకుంటోంది."

"ఎత్తు రెండు మీటర్లు దాటింది మదామ్."

"కారు దాటలేదండీ, దాని మీదున్న పడవ దాటింది. కారుకి కడతాను. పడవకి టోల్ ఉండదు."

"పడవా?"

"కెమెరా ఉందిగా, చూసుకోండి."

వెనకాల హారన్లు మొదలయ్యాయి. ఎవడో తల బయటపెట్టి ఏదో అరిచాడు. తిబో సిగ్గుతో సీట్లో కిందికి, ఇంకా కిందికి జారిపోయాడు.

"కట్టేద్దాం, నేనిస్తాను," అని గొణిగాడు.

"నువ్వెందుకు ఇస్తావ్? తప్పు మిషన్‌ది!"

కోపంలో 'మీరు' ఎగిరిపోయి 'నువ్వు' వచ్చిందని ఆమె గమనించలేదు. అతను గమనించాడు. గమనించి, ఎందుకో తెలియకుండానే సంతోషించాడు.

స్పీకర్ కాసేపు గరగరలాడింది. "పడవ బావుంది మదామ్," అంది ఈసారి కాస్త మెత్తబడిన గొంతు. రేటు తగ్గింది.

"చూశావా?" అంది రోజెన్, గేటు దాటుతూ.

"చూశాను. వెనకున్న వాళ్లంతా కూడా చూశారు. ఈ జన్మలో ఆ గేటువైపు మళ్లీ రాను," అన్నాడు తిబో. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

ఆ తర్వాత మళ్లీ టోల్ రోడ్డు ఎక్కలేదు. ట్రాక్టర్ల వెనక పాకుతూ, ప్రతి ఊళ్లోనూ నెమ్మదిస్తూ, చీకటి పడే వేళకి మూలాన్ అనే ఊరు చేరారు. నది ఒడ్డున క్యాంపింగ్ మైదానంలో ఆమె చిన్న గుడారం వేసుకుంది. అతను కారు సీటు వెనక్కి వాల్చుకున్నాడు. కళ్లు మూతలు పడ్డాయో లేదో వాన దంచడం మొదలుపెట్టింది.

టార్పాలిన్ గుర్తొచ్చి రోజెన్ పరుగున బయటికొచ్చింది. అప్పటికే తిబో కారు బానెట్ మీదికెక్కి, పళ్లతో ఒక తాడు పట్టుకుని, రెండు చేతులతో టార్పాలిన్ లాగుతున్నాడు. ముద్దగా తడిసిపోయి, తుమ్ముతున్నాడు.

"నీకెందుకు ఈ అవస్థ? నీ పడవ కాదుగా!"

"కాదనుకో. కానీ పొద్దున్నుంచీ దీని గురించే వింటున్నాను. చుట్టరికం కలిసిపోయింది."

రోజెన్ రెండో తాడు అందుకుంది. ఆ షెడ్డు తీసుకున్న దగ్గర్నుంచీ ఒక్కతే తాళ్లు లాగడం అలవాటైన మనిషి ఆమె. రెండో వైపు ఎవరో పట్టుకుంటే ఎంత తేలికో ఇన్నాళ్లకి తెలిసింది.

పొద్దున్నే బయల్దేరారు. దారిలో ఒక చిన్న ఊళ్లో శనివారం సంత. రోడ్డుకి అడ్డంగా జున్ను బళ్లూ, కోళ్ల గంపలూ. చుట్టూ తిరిగి పొమ్మన్నారు. ఆ తిరుగుడులో చాలా పొద్దు పోయింది. లియోన్ పొలిమేర చేరేసరికి మదామ్ దుక్రే భోజనానికి రెండు గంటలే మిగిలాయి. పాత రోడ్డు మీద మూడు గంటల ప్రయాణం. టోల్ రోడ్డు మీద గంటా ముప్పావు.

రోజెన్ కారు పక్కకి ఆపింది. ఆమె దగ్గరున్నది తిరుగు ప్రయాణం పెట్రోలు డబ్బు. అందులో చెయ్యి పెడితే పని అవ్వకపోయినప్పుడు ఇల్లు చేరడం ఉండదు.

తిబో ఒక నోటు తీశాడు.

"వద్దు. దయతలచి ఇస్తే తీసుకోను," అంది.

"దయ ఎవరిక్కావాలి? సీటు లియోన్ దాకే కొన్నాను. ఇప్పుడు ఆనెసీ దాకా పొడిగించుకుంటున్నాను. టికెట్టు డబ్బు ఇది. సీటు ఖాళీయేగా?"

"మీ ఊరు అదిగో, ఆ కొండ దిగితే వచ్చేస్తుంది. ఆనెసీలో నీకేం పని?"

"నీ పక్కన ఇంకో గంటా ముప్పావు కూర్చోవడం. అంతకన్నా పెద్ద పని లేదు."

రోజెన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ నోటు పుచ్చుకుని కారుని టోల్ రోడ్డు ఎక్కించింది.

ఆనెసీ చేరేసరికి మదామ్ దుక్రే కుర్చీలోంచి లేస్తోంది. అప్పటికే ఒడ్డున వేరేవాళ్లు అమ్మకానికి తెచ్చిన రెండు పడవలు నిగనిగలాడుతూ ఉన్నాయి.

"ఆలస్యం చేశావమ్మాయ్. సూపు చల్లారిపోతోంది నాకు."

"ఒక్క పది నిమిషాలు మదామ్. కూర్చుని చూడండి చాలు."

ఇద్దరూ కలిసి పడవ దించారు. రోజెన్ తెడ్లు అందుకుని సరస్సులోకి వెళ్లింది. పడవ నీళ్లని కోసుకుంటూ తిన్నగా సాగి, చిన్న మలుపు తిరిగి ఒడ్డుకొచ్చింది. మదామ్ దుక్రే వంగి, పడవ లోపల అడుగంతా అరచేత్తో తడిమింది. చెయ్యి పొడిగా పైకొచ్చింది.

"నువ్వే కట్టావా?"

"ప్రతి చెక్కా నేనే మదామ్."

"నాలుగు కావాలి, వచ్చే వసంతానికి. ఇది ఇక్కడే ఉంచు. అడ్వాన్సు రాసిస్తాను, కానీ ముందు సూపు తాగనివ్వు."

రోజెన్ ఒడ్డున చతికిలబడి భోరుమంది. తిబో పక్కనే కూర్చున్నాడు. ఆమె వీపు నిమిరాడు.

అడ్వాన్సు చేతికొచ్చాక కారు దగ్గర అతను సంచీ భుజాన వేసుకోబోయి ఆగాడు.

"రేపు సాయంత్రానికల్లా కారు కెంపేర్‌లో అప్పగించాలి కదూ? నీ కళ్లు చూడు, ఎలా మూసుకుపోతున్నాయో. నాకు లైసెన్సుంది. బడి తెరవడానికి ఇంకా వారముంది."

"అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన మాట చెప్పు."

"నువ్వంటే ఇష్టం. ఆ గేటు దగ్గర హారన్ల మధ్యే మొదలైంది."

రోజెన్ ఫోన్ తీసి అద్దె కార్ల ఆఫీసుకి చేసింది, స్పీకర్ పెట్టి.

"రెండో డ్రైవరు పేరు చేర్చాలండీ."

"రోజుకి పన్నెండు యూరోలు అవుతుంది మదామ్," అంది అవతలి అమ్మాయి. "భర్త అయితే ఉచితం. మీ భర్తేనా?"

తిబో తుమ్మబోయి ఆగిపోయాడు. పడవకి టోల్ ఉండదని గేటునే నిలదీసిన మనిషి, ఒక్క యూరో ఊరికే పోనివ్వని మనిషి, అతని వంక తేరిపార చూసింది. చెంపలు తుడుచుకుంది.

"ఈసారికి పన్నెండు యూరోలూ రాసుకోండి," అంది. "వచ్చే వసంతంలో మిగతా పడవలు తీసుకొచ్చేటప్పటికి ఉచితం చేయించుకుంటాం."